పదిహేడో నంబరు దీపం

మార్కాపురంలో, పలకల ఫ్యాక్టరీ మేడమీద గది.
కీబోర్డు సందుల్లో నల్లటి రాతిపొడి.
రోజూ తుడుస్తాను, రోజూ ఉంటుంది.

ఇరవై రెండేళ్ల కింద గాలీబ్ రాసిన ఆట ఇది.
బొమ్మల్లేవు. అన్నీ మాటలే.
"నువ్వు క్వారీ అంచున ఉన్నావు. ఉత్తరాన మెట్లు. కింద చీకటి."
"మెట్లు దిగు" అని కొడితే దిగుతావు.
ఏమీ కొట్టకపోతే నిలబడ్డ చోటే నువ్వు.
సాయంత్రం ఏడింటికి పదకొండు మంది వస్తారిప్పటికీ.
కంభం నుంచి ఇద్దరు, దోర్నాల నుంచి ఒక టీచరమ్మ,
కింద షెడ్డులోంచి నాసరయ్య.

కోడు మొత్తం ఒకటే ఫైలు, పన్నెండు వేల లైన్లు.
కత్తికి పేరు లేదు, వరస నంబరుంది: 412.
తలుపు 90. తోడేలు 633.
నడుమ ఒకే ఒక ఫంక్షను, చెక్‌పోస్టులా,
వచ్చే ప్రతిదాన్నీ ఆపి అడుగుతుంది:
నువ్వు కత్తివా? కాదా? అయితే తలుపువా? కాదా? అయితే
కత్తి తుప్పు పట్టాలన్నా దాని దగ్గర చీటీ రాయించుకోవాలి.
తోడేలుకు ఆకలెయ్యాలన్నా అంతే.

గాలీబ్ ఇప్పుడు చీమకుర్తిలో
గ్రానైట్ లారీలకు వేబిల్లులు రాస్తాడు.
ఫోన్ చేస్తే నవ్వాడు.
"విప్పితే మళ్లీ కట్టలేవు ఏసుమణీ."

రాయి చీల్చే ఆదెమ్మ కింద ఎవరికో పని నేర్పుతోంది:
"ఉలి నీకు తోచిన కాడ పెడితే ముక్కలవుద్ది.
అది యాడ ఇడిపోతానంటదో ఆడ పెట్టాల."

నెలన్నరగా చీలుస్తున్నాను.
కత్తికి తుప్పు పట్టడం తెలుసు ఇప్పుడు.
తోడేలు తన ఆకలి తనే లెక్కేసుకుంటుంది.
మృగం అని ఒక క్లాసు రాస్తే
తోడేలూ కుక్కా దాని కడుపున పుట్టాయి,
కుక్క ఒక్క బుద్ధి మార్చుకుంది: కరవదు.
తలుపు దగ్గర మాత్రం మూడు రోజులు.
ఈ గదిదా, ఆ గదిదా?
పాళ్లు పంచుకునే అన్నదమ్ముల్లా రెండు గదులూ నాదంటే నాదన్నాయి.
చివరికి ఎవరికీ ఇవ్వలేదు,
ఇద్దరికీ దాని చిరునామా రాసిచ్చాను.

ఇక అయిపోవచ్చింది అనుకుంటుండగా
8116వ లైను:
ఆటగాడు 17 అయితే, దీపంలో నూనె తగ్గించకు.

పక్కన కామెంటు లేదు. గాలీబ్ దేనికీ రాయడు.

పదిహేడు నాసరయ్య.
కోత మిషను అతని కుడిచేతి వేళ్లు రెండు తీసుకుని
పలకలు పెట్టెల్లో సర్దే పనిచ్చింది.
"తలుపు తియ్యి" అని కొట్టేలోపు దీపం ఆరిపోయేది,
చీకట్లో తోడేలు.
గాలీబ్ ఎవరికీ చెప్పకుండా ఒక్క లైను పెట్టాడు.
ఇరవై రెండేళ్లుగా నాసరయ్య
తనకు బాగా ఆడటం వచ్చనుకుంటున్నాడు.
వచ్చు కూడా.

దీన్ని ఏ క్లాసులో పెట్టను?
దీపంలో పెడితే, దీపానికి మనుషుల నంబర్లతో ఏం పని?
ఆటగాడిలో పెడితే వీపుకు చీటీ అంటించినట్టు.
తీసేస్తే
తీసెయ్యలేను.

మూడో రాత్రి కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుకీచుమంటూ నిమిషాలు లెక్కపెడుతుంటే తట్టింది:
దీపం గడియారాన్నెందుకు చూడాలి?
చేతిని చూస్తే చాలదా?
ఒక్కో మాటకు ఒక్కో చుక్క.
నువ్వు కొట్టేదాకా ఆగుతుంది,
నువ్వెవరైనా సరే.

8116 చెరిపేశాను.

శుక్రవారం ఏడింటికి కొత్త ఆట తెరిచాను.
పదకొండు మందీ వచ్చారు.
టీచరమ్మ ఎప్పట్లాగే తోడేలును వెతుక్కుంటూ పోయింది.
పదిహేడో నంబరు మెట్లు దిగింది, నిదానంగా.
చాలాసేపటికి ఒక లైను:
"ఏసుమణీ, నా దీపంలో నూనె తగ్గతా ఉంది."

కీబోర్డు మీద నా చేతులు ఆగిపోయాయి.

రెండో లైను రావడానికి రెండు నిమిషాలు.

"ఈ ఊళ్లో నూనె కొట్టు యాడుంది?"