గోడ మీది అద్దె

ఆదోనిలో, పత్తి మార్కెట్ దారిలో,
పదడుగుల వెడల్పు, పద్నాలుగు లోతు.
టేపు చుట్టి జేబులో వేసుకున్నాను.
కొలిచే పని అయిపోయింది,
మిగిలింది అడిగే పని.

అగ్రిమెంటులో నెలకు మూడు వేల ఐదొందలు.
ఓనరు సంతకం మాత్రం ముచ్చటగా ఉంది.
"ఇంతేనా, మహబూబ్ పీరా?"
మిషన్లకు బాబిన్లూ సూదులూ అమ్మే మనిషి
పెదాల మధ్య సూది పట్టుకున్నట్టు పలకలేదు.
పక్కకొట్టు పంచలింగప్ప అటు తిరిగి దగ్గాడు.

ఇటుకలు నెలకు ఎంత ఈనుతాయో
అంత మీద పన్ను అంటాడు మా సూపర్నెంటు.
కాగితాన్ని నమ్మితే ఈ వీధంతా పేదది.
నిజం రాస్తే, పెరిగిన పన్ను
వచ్చే నెల అద్దెలో కలిసి
ఈ కౌంటరు మీదికే దిగుతుంది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అతనే లేచి క్యాలెండరు పక్కకు జరిపాడు.
వెనక సున్నం మీద పెన్సిలు రాతలు:
వాళ్ల నాయన చేత్తో ఎనిమిదొందలు, పన్నెండొందలు,
తర్వాత ఇతని చేత్తో ఏడు వేలు, పది,
అన్నిటికంటే కింద, కొత్తగా, పద్నాలుగు.
ఒక్కదానికీ రసీదు లేదు.

"రాసుకో సార్.
మేమిచ్చింది యాడన్నా ఒక తావున ఉండనీ.
రేపు ఖాళీ చెయ్యమంటే
ఈ గోడ పెరుక్కోని పోలేను గదా."

ఫారంలో అద్దె గడి చిన్నది.
పద్నాలుగు వేలు పట్టింది.

క్యాలెండరు మళ్లీ మేకుకు తగిలిస్తుంటే చూశాను,
అది పోయినేడాదిది.