చోడికి రెండు పేర్లు

మధ్యాహ్నం కుట్టు ఆపి చూస్తే
మిషను కింద, నా పాదాల పక్కనే
చోడి పరుగెడుతోంది.
ఒక పక్కకి ఒరిగి, కళ్ళు మూసుకుని
నాలుగు కాళ్ళూ చిన్నగా ఎగరేస్తూ
గచ్చు దాటకుండానే
వంశధార ఇసకలోకి వెళ్ళిపోయింది.
తొక్కుడు పలక ఆగినా
దాని పరుగు ఆగలేదు.

చోడి అంబలి రంగని మేం చోడి అన్నాం.
వీధి మొత్తానికీ అది మాండియా.
గింజ ఒకటే, గుణుపురంలో పేర్లు రెండు.
అన్నానికి ఏ పేరుతో పిలిచినా వస్తుంది,
స్నానానికి ఏ పేరుతో పిలిచినా రాదు.

లంబు సంగతి వేరు.
ముసలాడు. ఎడమ చెవి సగం లేదు,
ఎలా పోయిందో మా ఇంట్లో మూడు కథలున్నాయి.
ఎప్పుడూ ఆ పక్కగది తలుపుకే వీపు ఆనించి పడుకుంటాడు.
గదిలో ఇప్పుడు చింతపండు బస్తాలు.
అప్పట్లో పాఢి సారు అద్దెకుండేవారు,
హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు.
ఆయన రొట్టెలో ఆఖరి ముక్క
ఏనాడూ ఆయన తినగా చూళ్ళేదు.
పేరు పెట్టి నేనెప్పుడూ పిలవలేదు,
సారు అంటే సరిపోయేది.
మల్కనగిరికి బదిలీ అయి నాలుగేళ్ళు.

లంబు కల మీసాల దగ్గర మొదలవుతుంది.
ముందు అవి వణుకుతాయి.
తర్వాత దవడల వెనక ఒక మొరుగు,
నిండు బిందెలో పడ్డ గవ్వలా
పైకి తేలదు.
ఆ తర్వాత తోక.

ఆ తోక లెక్క నాకు తెలుసు.
నేను బజారు నుంచి వస్తే రెండు దెబ్బలు, మర్యాదకి.
చేపల నూకాలు వస్తే అయిదారు.
నిద్రలో మాత్రం
గచ్చు మీద డప్పే,
మేకుకి వేలాడే కత్తెర అదిరేటట్టు.

ఎనిమిదేళ్ళుగా ముద్ద పెట్టిన చెయ్యి నాది.
చెవికి పసుపు అద్దింది నేను.
దీపావళి రాత్రి మంచం కిందికి పాకి
వాడి వణుకుని వాటేసుకున్నది నేను.
కలలోకి రమ్మని పిలుపు ఆయనకా!
కుళ్ళుకున్నాను, అబద్ధమెందుకు.
ఒకసారి కాలితో కదిపాను కూడా.
లేచాడు, నన్ను చూశాడు,
రెండు దెబ్బలు కొట్టాడు,
వెనక్కి తిరిగి తలుపు సందు వాసన చూశాడు.
మళ్ళీ ఎన్నడూ లేపలేదు.

నిన్న తెల్లారగట్ల మెలకువొచ్చేసరికి
రెండూ మంచం పక్కన కూర్చుని ఉన్నాయి.
చోడి తల ఓ పక్కకి వంచి,
లంబు ఉన్న సగం చెవినీ నిక్కించి,
నేనేదో మాట మధ్యలో ఆపేసినట్టు.

గొంతు ఎండిపోయి ఉంది.
దుప్పటి కాళ్ళ దగ్గర ముద్దయి ఉంది.
ఏం మాట్లాడానో.
తెలుగో, ఒడియానో.

"ఏంటి?" అన్నాను.
చోడి ఆవులించింది.
స్టేషన్ వైపు మొదటి బండి కూత వేసింది.
లంబు కీళ్ళు కూడదీసుకుని లేచి
ఆ తలుపు దగ్గరికి పోకుండా
ఇటే వచ్చి,
మంచంకోడు మీద తోకతో కొట్టాడు.

లెక్కపెట్టాను.
రెండు దాటింది.