మీట లేచేదాకా

బుధవారం. కెండల్‌లో వాన, ఎప్పటి వానే.
పదిన్నరకే చర్చి తలుపు తీసి
పియానో మూత ఎత్తి కూర్చున్నాను.
రెండు వందల పైచిలుకు తీగలు,
ఏది ఎప్పుడు అలుగుతుందో ముప్ఫై ఏళ్లుగా నాకు తెలుసు.

ఆ పిల్ల పదకొండుకి వచ్చింది,
లీడ్స్ నుంచి రైళ్లు మారి మారి.
పేరు మోర్వెన్నా ట్రెగియర్, ఇరవై మూడేళ్లు.
కచేరీ చెప్పులు ఒక ప్లాస్టిక్ సంచిలో,
ఉడికించిన గుడ్డు ఇంకో సంచిలో.
పియానో బాగుందా అని అడగలేదు.
"ఏ మీట మొండికేస్తుంది?" అంది.

చూపించాను. నడిమికి కాస్త కుడిగా, ఆ నల్లది.
చెమ్మకి సుత్తి కీలు బిగుసుకుంది.
నొక్కితే పలుకుతుంది,
లేవడానికే బద్ధకం.
సరిపడే పిన్ను నా పెట్టెలో లేదు.

నవ్వింది,
పొరుగింటి కరెంటు బిల్లు చేతికొచ్చినట్టు.
"నేను వాయించేదాంట్లో
ఆ స్వరమే వందసార్లు వస్తుంది."

శ్రుతి చేస్తున్నంతసేపూ
చేతులు చంకల్లో దాచుకుని మాట్లాడింది.
మూడు పోటీలు, మూడింట్లోనూ రెండో రౌండు దాకా.
సోమ, మంగళ పిల్లలకి పాఠాలు, శనివారం బేకరీ.
వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది.
పారితోషికం అరవై పౌన్లు, ఒక గిన్నెడు సూపు.
రైలుకే నలభై ఏడు పోయాయని
ఆమె అనలేదు. జేబులోంచి జారిన టికెట్టు అంది.

ఒంటిగంటకి హీటరు ఆపేశాం. అది గుయ్యిమంటుంది.
పద్నాలుగు మంది, ఒక కుక్క.

మొదటిసారి మీట అందలేదు.
రెండోసారీ అంతే.
నేను నా బూట్లకేసి చూశాను.
తర్వాత ఆమె నెమ్మదించింది,
ఇరుకు మెట్ల మీద
ముందున్న ముసలాయన కాలెత్తేదాకా
వెనక నిలబడ్డ మనిషిలా.
కాసేపటికి పాటంతా ఆయన నడకే నడిచింది.
సూపు కోసం వచ్చినవాళ్లు
చెంచాలు ఒళ్లో పెట్టుకున్నారు.

రెండూ పదికి రైలు. పరుగెత్తింది.
కచేరీ చెప్పు ఒకటి పెడలు కింద వదిలేసి.
పోస్టులో పంపాను.
థాంక్స్ అని కార్డు వచ్చింది, మీద మేక బొమ్మ.

రెండు చలికాలాల తర్వాత, సెడ్‌బర్గ్ దారిలో,
వ్యాను రేడియోలో ఆమె పేరు.
ప్రకటించినాయన దాన్ని విరిచి పలికాడు.
లండన్‌లో హాలు. దగ్గులు కూడా ఖరీదైనవి.
అదే పాట.
అక్కడి పియానోలో ఏ మీటైనా
వేలు తగలకముందే లేచి నిలబడే రకం.

అయినా ఆ స్వరం దగ్గరికొచ్చేసరికి,
ఒక వెంట్రుకంత,
ఆగింది.
మళ్లీ వచ్చినప్పుడూ ఆగింది.

చర్చిలో ఆ మీట మర్నాడే బాగుపడింది.
ఆమె వేలికే ఇంకా ఆ సంగతి తెలియదు.

వ్యాను పక్కకి తీశాను.
వాన పడుతున్నా
వైపర్లు ఆపేశాను.