కాలు జారని బండ

నైట్రోజన్ పీపా మధ్యాహ్నానికి వచ్చింది.
మూత సందులో పొగ చూసి ఆటో అబ్బాయి
"మేడమ్, కాలుతాందా?" అన్నాడు.
కాలడం కాదబ్బీ, దానికి మించిన చలి.

బయట కడప ఎండ నలభై నాలుగు.
లోపల సజ్జగింజంత స్ఫటికం,
బిస్మత్ పొర, రాగి పొర, మళ్లీ బిస్మత్.
పైపొర లేపడానికి నా పనిముట్టు
పది రూపాయల సెలోటేపు.
అంటించి లాగితే అద్దంలా విడుతుంది,
ఎర్రగుంట్ల గనిలో ఓబులేసు మామ
ఉలి ఆనించి, చెవి పెట్టి,
ఒక్క దెబ్బకు నాపబండను విప్పినట్టు.

అయస్కాంతం దగ్గరికి తెస్తే
పొరల్లోకి సుడులు దిగుతాయి.
ఎద్దు నుదుట సుడి చూసి బేరమాడే ఊరు మాది.
నా నెత్తిన రెండున్నాయని
పెళ్లిచూపుల్లో జడ విప్పించి మరీ లెక్కపెట్టారు.
ఇవి లెక్కకు రావు.
ఒకదాన్నొకటి తోసుకుని, తోసుకుని,
చివరికి సెనక్కాయ సాళ్లలా కుదురుకుంటాయి.
పొరకొక సుడి, రొట్టె మీద రొట్టె.
కాస్త వేడి తగిలితే దొంతి ఒరుగుతుంది.

మచ్చలేని స్ఫటికం కోసం
మూడేళ్లు కొలిమి కాచాను.
దొరికింది. కరెంటు పంపాను.
సుడులన్నీ గొర్రెలమందలా ఒక్కసారే కదిలాయి.
దారిలో కంప లేదు, అడ్డం పడే ముల్లు లేదు.
మీటరులో మాత్రం ముల్లు లేచింది.
కదిలిన ప్రతి సుడీ
కాస్త కరెంటు తినేసి పోయింది.

మూలన పారేసిన ముక్క ఒకటుంది.
సీసం కలిసింది, అణువులు తప్పాయి, ఒళ్లంతా చారలు.
పీపాలో ఎలాగూ మిగిలింది కదా అని పెట్టాను.
సున్నా.
పెంచాను. సున్నా.
లోపల సాళ్లు వంకరపోయే ఉంటాయి.
ఎక్కడో ఒక సుడి గుంటలో కాలు దిగేసుకుని నిలబడితే
దాని పక్కది ఆగింది,
దాన్ని చూసి ఆ పక్కది.

ఆదివారం మామ ఇంటికి పోయాను.
మెరుగు బండలన్నీ బెంగళూరు పోయాయి.
తన జాలాడిలో పరుచుకున్నది
బేరగాడు తిప్పికొట్టిన చారల బండ.
"అమ్మకానికి రాదు పాపా.
సబ్బునీళ్లు పడినా కాలు జారదు."

ఎన్ని చారలైతే చాలు మామా,
ఎక్కువైతే బండే పగులుతుంది కదా అన్నాను.
బొటనవేలు చార వెంబడి నడిపించి,
నడిపించి, ఎత్తి,
"కొట్టినప్పుడే తెలుస్తాది" అన్నాడు.

రేపు సాయంత్రానికి నైట్రోజన్ అయిపోతుంది.
ఇంకో ముక్క ఉంది,
దీనికన్నా కాస్త చెడింది.