పల్లంలో మేకులు

చిలోయే దీవిలో వాన గురించి ఎవరూ మాట్లాడుకోరు.
మాట్లాడుకునేదంతా ఇంటి కప్పుల గురించే.

ఏప్రిల్లో నోల్బెర్తో కార్కమో వచ్చి
నా ఇంటి మీద ముప్పై ఎనిమిది జింకు రేకులు పరిచి వెళ్లాడు.
మూడు రోజుల పని రెండు రోజుల్లో అయిపోయింది.
అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.
"ఇరవై ఏళ్లు ఇంక పైకి చూడక్కర్లేదు, సెన్యోరా ఎర్మెలిందా"
అన్నాడు, టోపీ తీసి, చాలా మర్యాదగా.

ఇరవయ్యో రోజున చూశాను.
మొదటి చుక్క పొయ్యి మీద పడి చుయ్యిమంది.
పిల్లి లేచి, నా వంక చూసి, చోటు మార్చుకుంది.
రెండోది పిండి డబ్బా మీద. మూడోది కుట్టుమిషన్ మీద.
వారం తిరిగేసరికి గిన్నెలన్నీ నేల మీదే,
చారు కాచుకోడానికి ఒక్కటి మిగల్లేదు.

ఫోన్ చేశాను. గాలి తప్పన్నాడు.
మళ్లీ చేశాను. రేకుల కంపెనీ తప్పన్నాడు.
మూడోసారి, అది వాన కాదేమో, వంట ఆవిరేమో,
కిటికీలు తెరిచి పెట్టుకోమన్నాడు.
జూన్లో! ఎముకలు కొరికే చలిలో!

సాల్మన్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ముళ్లు తీశాను నేను.
చేప ముక్క మీద వేలు పోనిస్తే చాలు,
ఎక్కడ ముల్లుందో వేలే చెబుతుంది.
ఒక్క ముల్లు మిగిలినా పెట్టె మొత్తం వెనక్కొచ్చేది,
అందరి ముందూ నా నంబరు చదివేవాళ్లు. నలభై ఏడు.
ఇప్పటికీ ఎవరైనా నలభై ఏడంటే నా భుజాలు ముడుచుకుంటాయి.

అందుకని, వాన తెరిపిచ్చిన ఒక గంటలో,
పక్కింటి లిసాంద్రో నిచ్చెన పట్టుకుంటే
అరవై మూడేళ్ల మోకాళ్లతో పైకెక్కి
రేకు మీద వేలు పోనిచ్చాను.

అలలా ఉంటుంది రేకు. మిట్ట, పల్లం, మిట్ట, పల్లం.
మేకు మిట్టన కొట్టాలి.
వాన పల్లంలో పారిపోతుంది, మేకు పొడిగా నిలుస్తుంది.
ఇక్కడ పడవలు చేసేవాళ్ల పసిపిల్లలకి కూడా తెలుసు.
నోల్బెర్తో పల్లంలో కొట్టాడు.
పల్లంలో రేకు దూలానికి ఆనుకునే ఉంటుంది,
ఒక్క దెబ్బకి దిగుతుంది, చెయ్యి నొప్పి పుట్టదు.
ఆ రెండో రోజు సాయంత్రం ఎక్కడికి వెళ్లాలనిపించిందో మరి!

నీరు పల్లమెరుగు అంటారు.
ఈ నీరు ప్రతి మేకునూ పేరుపేరునా ఎరిగింది.
ఒక్కొక్కదాని పక్కనా ఆగి, దారి అడిగి, లోపలికొచ్చింది.
నడికొప్పు దాకా పోకముందే నూట పద్నాలుగు లెక్కపెట్టాను.
మళ్లీ చినుకులు. దిగిపోయాను.

ఆదివారం అతన్ని భోజనానికి పిలిచాను.
తిట్టలేదు. బంగాళాదుంప రొట్టెలు కాల్చాను,
పొయ్యి పక్కన కుర్చీ వేశాను.
సరిగ్గా ఎక్కడ వేశానో నాకు తెలుసు.
రొట్టె తుంచుతూ వాళ్లమ్మ నడుంనొప్పి గురించి చెప్పాడు.
చుక్క మెడ మీద పడింది.
తుడుచుకున్నాడు. చెప్తూనే ఉన్నాడు.
రెండో చుక్క కాలరు లోపలికి.
పైకి చూడలేదు మనిషి. అది నాకు నచ్చింది,
కాదు, అదే నాకు ఒళ్లు మండించింది,
ఇప్పటికీ తేల్చుకోలేదు.
నాలుగో చుక్కకి రొట్టె కింద పెట్టి
"మిట్టన కొట్టాల్సింది" అన్నాడు, పళ్లెంతో చెప్తున్నట్టు.
"తెలుసా నీకు?"
"మా నాన్న నేర్పాడు."

సోమవారం వచ్చి మేకులు పీకాడు.
కింద కాఫీ డబ్బా పట్టుకుని లెక్కేసుకున్నాను. నాలుగు వందల పన్నెండు.
మేకు పీకితే చిల్లు పోదు కదా.
జిగురు నింపుతానన్నాడు, ట్యూబు చూపించి.
కొత్త రేకులన్నాను.
సగం సగం అన్నాడు.
చివరి వాయిదా డబ్బు నా ఏప్రన్ జేబులో ఉంది.
దాని మీద చెయ్యేసుకుని నిలబడ్డాను,
చినుకు మొదలయ్యేదాకా.

పడమటి వైపు కొత్త రేకులు. తూర్పున జిగురు.
గిన్నెలన్నీ అరల్లోకి ఎక్కాయి, ఒక్కటి తప్ప.
అది కుట్టుమిషన్ పక్కన ఖాళీగా ఉంటుంది.
రాత్రి వాన జోరందుకుంటే లేచి, దీపం వెయ్యకుండా,
దాని అడుగున వేలు పోనిచ్చి చూస్తాను.