మొదటి మానిక

తాటాకు మీద గింజల లెక్క.
రెండు, మూడు, నాలుగు ఉన్నయి.
ఒకటి ఉండాల్సిన చోట "లా",
ఆ పక్కన పురుగు తిన్న బొక్క.

ఏడాదిన్నర కొట్లాడింది వకుళ మేడం ఆ అక్షరంతో,
హన్మకొండ గదిలో, ఆకు పెళుసని ఫ్యాను బంద్ చేసి.
చివరికి అంచున ఎర్రసిరాతో: "లేఖకుని పొరపాటు."

నిన్న బీటు బజారుకు పెసల కోసం పోయినం.
కొంరవ్వ మానిక శిగతో ముంచి
సంచిలో పోసుకుంట "లాభం" అన్నది.
తర్వాత, రెండు.

మేడం సంచి మూతి వదిలింది.

కిందవడ్డ పెసలు ఏరుకుంట అడిగితే
"బోణీ పూట ఒంటి లెక్క ఎందుకు బిడ్డా" అన్నది అవ్వ.

రాత్రి ఎర్రసిరా మాట కొట్టేసి
"పొరపాటు నాది" అని రాసింది.
ఆధారం దగ్గర కొంరవ్వ పేరు.
ఇంటిపేరు తెల్వదు.
మళ్ల పెసలకు పోవాలె.