నికర బరువు

మురకంబట్టు రోడ్డు మీద వేబ్రిడ్జిలో
రాత్రి డ్యూటీ నాది.
తోతాపురి సీజను.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా లారీల తోక.
ఒక్కోటీ ఎక్కుతుంది, దిగుతుంది,
పద్దెనిమిది టన్నులు, ఇరవై రెండున్నర,
చీటీ చించి ఇస్తా.

మంగళవారం తెల్లారుజామున
గుడియాత్తం సెల్వం ఖాళీ క్రేట్లు దించతా
"అన్నా, దీంట్లో ఏందో కీచుమంటాంది" అన్నాడు.
మామిడి సొనతో అంటుకుపోయిన వరిగడ్డిలో
పిడికెడు పిల్లికూన.
కళ్ళు తెరిచి వారమై ఉంటుందేమో,
ఇంకా నీలం పోలేదు.
తల్లి ఏ తోటలో వెతుక్కుంటాందో
సెల్వానికీ తెలీదు. మూడు తోటలు తిరిగొచ్చిన లారీ అది.

ఊరికే, తమాషాకి,
ఇనప పలక నడిమధ్యన కూచోబెట్టినా.
లోపల తెర మీద
సున్నా.
పది కేజీలకు తక్కువుంటే
నా మిషనుకు అది లేనట్టే.

మొదటి పూట ఆవుపాలు పోసినా,
మేమంతా పెరిగింది వాటితోనే కదా అని.
సాయంత్రానికి పచ్చగా, నీళ్ళగా,
తోక కిందంతా తడిసి
అరవడం కూడా మానేసింది.

చొక్కా జేబులో వేసుకుని పశువులాసుపత్రికి పోతే
వరసలో నిలబడమన్నారు.
నా ముందొక ఎనుము, నా వెనక గొర్రెతో ఒకామె.
"నీదేదప్పా?" అనింది.
జేబు చూపించినా.

షహనాజ్ డాక్టరమ్మ మెడ మీది తోలు
రెండు వేళ్ళతో లేపి వదిలింది.
లేపిన మడత లేపినట్టే నిలబడింది.
పెదవి ఎత్తి చిగురు చూపించింది.
"ఎర్రగుండాల. గోడసున్నంలా ఉండాది చూడు,
పేలు తాగేస్తాండాయి దీన్ని.
నీళ్ళు పోయొద్దు, చల్లబడి చచ్చిపోతుంది.
ఈరుదువ్వెనతో దువ్వు.
ఆవుపాలు మానెయ్, ఈ పొడి కలుపు,
గోరువెచ్చగా, మూడు గంటలకొకసారి.
బోర్లా పెట్టి తాపు,
బిడ్డకు మాదిరి వెల్లకిలా కాదు."
ఆఖర్న కొంచెం గొంతు తగ్గించి,
"తాగినాక తడిదూదితో అడుగున తుడవాల.
తల్లి నాలుకతో చేసే పని.
నువ్వు చెయ్యకపోతే
దానంతటది పోయలేదు."

యాభై రెండేళ్ళు నాకు.
ఉచ్చకు పోవడం కూడా
ఒకరు అడిగితేనే వస్తుందని
ఆ పొద్దు తెలిసింది.

లారీకీ లారీకీ నడుమ దూది తడుపుతా.
సీసాలో వేణ్ణీళ్ళు పోసి, తువ్వాల చుట్టి, పక్కన పెడతా.
"ఏం మొగిలన్నా, మంత్రసానివైపోతివే" డ్రైవర్ల నవ్వు.
నవ్వనీ.
డ్యూటీ దిగి గురవాచారి అంగడికి పోతా,
బంగారు తూచే త్రాసు కోసం.
రెండు వందల అరవై ఒకటి.
మర్నాడు రెండు వందల యాభై ఎనిమిది.
ఆ మూడు గ్రాములు
పగలంతా నన్ను నిద్రపోనియ్యలేదు.
తర్వాత అరవై తొమ్మిది.
ఆచారి నా బదులు చప్పట్లు కొట్టినాడు.

నెల నిండుతుండగా
మూలమూలా వాసన చూడబట్టింది.
నీవా నది ఇసక తెచ్చి
క్రేటు అంచు కోసి పళ్ళెం చేస్తే
కూచోవడం పోయి ఇసక తినింది!
పారబోసినా.
పాత తూనిక చీటీలు చించి పరిచినా.
పాలు తాగంగానే ఎత్తి అందులో పెట్టడం,
అది గోడ దూకినట్టు దూకి
సరిగ్గా నా చెప్పులో పోయడం.
తిట్టకూడదంట. ముక్కు రుద్దకూడదంట.
మోకాళ్ళ మీద వంగి
నా వేళ్ళతోనే కాగితాలు గీకి చూపించినా,
ఇట్ల, ఇట్ల కప్పెట్టుకోవాల అని.
పిల్లికి పెంట కప్పడం నేర్పినోడు
లోకంలో నేనొక్కడినేనేమో.

నిన్న రాత్రి మూడింటికి
ఇరవై ఒక్క టన్నుల లోడు పలక మీదుండగా
కుర్చీ వెనక గరగరమని కాగితాలు.
తిరగలేదు. తిరిగితే మానేస్తుందేమో.
బయట హారను.
"ఉండప్పా, ముల్లు నిలబడలే" అని అరిచినా.
ముల్లు యాడుంది, అంతా అంకెలే అయితే.
గరగర. ఆగింది. మళ్ళీ ఒక్క గర.
తర్వాత నా పాదమెక్కింది తడికాళ్ళతో.
అరికాలికి ఒక చీటీ ముక్క,
"నికర బరువు" వరకే ఉంది,
అంకె చిరిగిపోయింది.

పెదవి ఎత్తి చూసినా.
గులాబీ, ఇంకా లేతగానే.
గురువారం నులిపురుగుల మందు వెయ్యాల.